హోదా లేని ఖురూజ్

అగ్నిపర్వతం అంటే ఎక్కేది అనుకుంటారు ఎవరైనా, పేరులోనే పర్వతం ఉంది కదా, కానీ సౌదీ ఎడారిలోని ఈ వహ్బా తలకిందుల రకం, ముందు దించుతుంది, తర్వాత ఎక్కమంటుంది. పొద్దున పదకొండుకి ఫోటోలు తీసుకుంటూ నవ్వుకుంటూ దిగిన గోడనే ఇప్పుడు ఒంటిగంటకి పది నిమిషాలుండగా నాలుగు కాళ్ళ మీద ఎక్కుతున్నాను, బీకాం పాసైన దాన్ని, నలభై మూడేళ్ళ దాన్ని, ఎడమ చేత్తో అబాయా అంచు ఎత్తి పట్టుకుని, కుడి చేత్తో నల్లరాళ్ళు పట్టుకుని, ఫోను నోట్లో కరుచుకుని. నోట్లో ఎందుకంటే చేతులు రెండే ఇచ్చాడు అల్లా, చూడాల్సింది మాత్రం ఆ ఫోనులో మూలనుండే గీతల్ని, ఒక్క గీత వచ్చినా చాలు, పది అడుగులకోసారి ఆగి తీసి చూస్తాను, ఉమ్ము తుడుస్తాను, సిగ్నల్ లేదు, మళ్ళీ కరుచుకుంటాను. కింద గొయ్యి అడుగున తెల్లటి ఉప్పు నేల, ఇంత పెద్ద చపాతీ పెనం మీద ఎవరో పిండి చల్లి మరిచిపోయినట్టుంది, దాని మీద మా పిక్నిక్ బస్సులో వచ్చిన వాళ్ళు చీమల్లా తిరుగుతున్నారు, పైన అంచు మీద మా మగవాళ్ళు కూడా చీమల్లాగే ఉన్నారు, ఆ చీమల్లో ఒకటి మా ఆయన మస్తాన్ వలీ, బిర్యానీ దేగ్ దగ్గర గరిటె పట్టుకుని ఉంటాడు, ఆయన జేబులో ఆయన ఫోను ఉంటుంది, ఆ ఫోనులో నేను సోమవారం నాడు చేసిన ఘనకార్యం ఉంది, దాన్ని రద్దు చేయాలంటే ఆ ఫోనే కావాలి, అది కూడా నా కూతురి పాస్‌పోర్టు మీద జెద్దా విమానాశ్రయంలో ముద్ర పడే లోపల.

ముద్ర ఎప్పుడు పడుతుంది, అదే తెలియదు, విమానం నాలుగున్నరకి, కానీ అఫ్షాన్‌ని కడపకి పెళ్ళికి తీసుకుపోతున్నది మా ఆడపడుచు సుగ్రా బేగం, సుగ్రా ఆపా సంగతి నాకు తెలుసు, విమానం గూటికి చేరకముందే ఆమె విమానాశ్రయంలో కూర్చుని ఉంటుంది, రైలైనా అంతే, పెళ్ళైనా అంతే, నా నిఖా రోజున మా వాళ్ళు షామియానా కట్టకముందే వచ్చి ఆ గుంజల మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్న మనిషి. పన్నెండుకి ఇంట్లోంచి బయలుదేరుతున్నామని పొద్దున బస్సులో ఉండగానే మెసేజ్ పెట్టింది, పన్నెండున్నరకి చేరి ఉంటారు, సామాను ఇవ్వడానికి అరగంట, ఆ తర్వాత ఇమిగ్రేషన్ వరస, అంటే ఇప్పుడో, ఇంకో పది నిమిషాలకో, లేక అయిపోయిందో, అయిపోయింది అన్న మాట దగ్గరికి రాగానే కాలి కింద రాయి జారుతుంది, నిజంగానే జారుతుంది, ఇక్కడ రాళ్ళన్నీ అతుకు లేనివి, పట్టుకుంటే చేతికి వచ్చేస్తాయి, లావా అట ఇదంతా ఒకప్పుడు, ఉడికి ఉడికి పేలిందట, నాకేం ఆశ్చర్యం లేదు.

అసలు నాకు తెలిసింది పావుగంట కిందట. ఖాలిదా నోరు జారబట్టి తెలిసింది. ఖాలిదా మా పక్క ఫ్లాట్ ఆమె, నిజామాబాద్ మనిషి, ఉప్పు నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని పైకి చూసి, "ఈ గోడ ఎక్కుడు నాతోని గాదక్కా. గిక్కడ్నే మనకు ఖురూజ్ నిహాయీ అయితది," అంది. నేను నవ్వాను, నవ్వి, "నిహాయత్ ఖురూజ్ అయితే మంచిదే కదే," అన్నాను. ఆమె నా మొహం చూసింది. "నిహాయత్ ఏందక్కా? నిహాయీ అంటే ఆఖరుది. ఫైనల్ ఎగ్జిట్. మా మరిదిని గదే కొట్టి పంపిండ్రు కంపెనోళ్ళు, మల్ల రానీయలే." ఫైనల్ ఎగ్జిట్ అంటే తెలియని వాళ్ళు ఈ దేశంలో ఉండరు, మా ఇళ్ళల్లో పసిపిల్లలకి కూడా తెలుసు, పోతే ఇక రాకుండా పోయే కాగితం, ఇక్కడి గుర్తింపు కార్డు, చదువు, ఇల్లు అన్నీ అక్కడితో సరి. ఇంగ్లీషులో తెలుసు. అరబ్బీలో అది నిహాయీ అని నాకు ఇరవై ఏళ్ళలో ఎవరూ చెప్పలేదు. సోమవారం నాడు ఫోనులో దాని పక్కనే ఇంకో మాట కూడా ఉంది. "మరి ఔదా అంటే?" అన్నాను. "మల్లొచ్చుడు," అంది ఖాలిదా, "పోయి మల్లొచ్చుడు. ఏమైందక్కా, గట్ల తెల్లగయినవ్?" నేను లేచాను, నువ్వు మెల్లగా రా అన్నాను, అప్పటినుంచి ఎక్కుతూనే ఉన్నాను.

మల్లొచ్చుడు. ఔదా అంటే మల్లొచ్చుడు. నేను దాన్ని హోదా అనుకున్నాను. ఇది ఎవరికైనా చెప్పుకుంటే నవ్వుతారు, నేనే మామూలు రోజైతే పది ఇళ్ళు తిరిగి చెప్పుకుని నవ్వేదాన్ని. సోమవారం సాయంత్రం మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి చొక్కా కూడా విప్పకుండా ఫోను నా చేతిలో పెట్టి, "పాపకి ఖురూజ్ కొట్టెయ్ మెహరూ, నాకు కండ్లద్దాలు యాడున్నాయో కనపడలా," అన్నాడు. ఖురూజ్ అంటే ఈ దేశం దాటడానికి ఇంటాయన ఫోనులోని సర్కారు యాప్‌లో కొట్టాల్సిన అనుమతి. ఆయనకి కంపెనీ సెలవు ఇవ్వలేదు, నాకు ఆయన సెలవు ఇవ్వలేదు, అందుకని పెళ్ళికి అఫ్షాన్ ఒక్కతే మేనత్తతో పోవాలి, పదిహేను రోజులు. ఆ యాప్‌ని ఇంగ్లీషులో కూడా పెట్టుకోవచ్చు. పెట్టుకోలేదు, నేనే అరబ్బీలోకి మార్చి ఉంచాను, ఎందుకంటే నేను అరబ్బీ చదవగలను, ఖురాన్ మూడుసార్లు ఖతం చేసిన దాన్ని, అజీజియాలో మా వీధి ఆడవాళ్ళందరికీ దుకాణాల బోర్డులు చదివి పెట్టేది నేనే, బలద్ బజారుకి పోతే నన్ను ముందు నడిపించి వెనక వాళ్ళు వస్తారు. రెండు గళ్ళు కనపడ్డాయి. ఒకటి ఖురూజ్ వ ఔదా. ఇంకోటి ఖురూజ్ నిహాయీ. గడగడా చదివాను, తడుముకోలేదు, మా ఆయన కూడా మెచ్చుకున్నట్టు చూశాడు. చదివాక ఆలోచించాను, అదే తప్పు, చదివి ఊరుకుంటే అఫ్షాన్‌ని పిలిచేదాన్నేమో. ఔదా అంటే మన ఉర్దూ ఓహదానే, హోదా, అంటే ఇది ఇంజనీర్లకి, మేనేజర్లకి, హోదా ఉన్న వాళ్ళ పిల్లలకి అయి ఉంటుంది, ఏసీ టెక్నీషియన్ కూతురికి మనకెందుకు. నిహాయీ అంటే నిహాయత్, బిస్మిల్లాకి ఉర్దూలో అర్థం రాసిన చోట ఉంటుంది, నిహాయత్ రహమ్ వాలా, ఎంతో దయగలవాడు అని, అంటే ఇది మామూలు వాళ్ళ కోసం దయతో ఇచ్చేది. అప్పటికే ఆయన స్నానానికి పోయాడు, దయ ఉన్న గడి నొక్కాను. కింద ఏవో రెండు వరసలు ఎర్ర అక్షరాల్లో వచ్చాయి, అవి కూడా పైకి చదివాను, చాలా బాగా చదివాను, మునుపు నాకు ఖురాన్ నేర్పిన ఖాసింబీ ఉస్తానీ విని ఉంటే సంతోషపడేది, చదివి కింద గడిలో టిక్ పెట్టి నా కూతురిని దేశం నుంచి పంపించేశాను.

ఖాసింబీ చేతిలో ఈత బరిక ఉండేది. పొద్దుటూరులో మా ఇంటి వెనక సందులో ఆమె పంచన పదిమంది పిల్లలం ఊగుతూ చదివేవాళ్ళం, అక్షరం గొంతులోంచి రావాల్సింది నాలుక మీదనుంచి వస్తే బరిక వేళ్ళ మీదకి వచ్చేది, ఒకసారి నేను, ఎనిమిదేళ్ళుంటాయేమో, "దీనికి అర్థమేంది ఉస్తానీ?" అని అడిగాను, ఆమె బరిక ఎత్తలేదు, జాలిగా చూసి, "అర్థం అల్లాకి తెలుసులేమ్మా, ఆయన చూసుకుంటాడు, నువ్వు చదువు," అంది. అంతే, అప్పటినుంచి అర్థం ఆయన చూసుకుంటున్నాడు, నేను చదువుతున్నాను. జెద్దాకి వచ్చిన కొత్తల్లో వీధి వీధికీ వకాలా, వకాలా అని బోర్డులు చూసి ఈ ఊళ్ళో ఇంతమంది వకీళ్ళా, వకాల్తాలు పుచ్చుకోవడానికి టైర్ల అంగడిలో కూర్చుంటారా అని రెండేళ్ళు అనుకున్నాను, అది ఏజెన్సీ అని తెలిసినప్పుడు నేను, మా ఆయన కడుపు పట్టుకుని నవ్వాం, అప్పుడు అఫ్షాన్ పొట్టలో ఉంది, నవ్వితే లోపల్నుంచి తన్నింది. పొట్టలో ఉన్న పిల్ల ఇక్కడే పుట్టింది, ఇక్కడే ఇండియన్ స్కూల్లో పన్నెండో తరగతికి వచ్చింది, ఫిబ్రవరిలో బోర్డు పరీక్షలు, ఇంకా ఏడు వారాలు లేవు, హాల్ టికెట్ మీద సెంటరు జెద్దా అని ఉంటుంది, పిల్ల కడపలో ఉంటుంది, మళ్ళీ వీసా అంటే మొదటినుంచి మొదలు, ఎన్ని నెలలో, ఇస్తారో ఇవ్వరో, ఏడాది పోతుంది, ఏడాది పోయాక ఆ ఇంట్లో ఈడొచ్చిన పిల్లని ఊరికే ఎందుకు కూర్చోబెట్టుకోవాలి అనే వాళ్ళు పుడతారు, నాకు వాళ్ళ పేర్లు కూడా తెలుసు, నన్ను కూడా బీకాం అయిన మూడో నెలలో అలాగే అడిగారు. అడుగు, ఇంకో అడుగు. ఈ రాయి నమ్మదగ్గది కాదు. ఇది నమ్మొచ్చు. మోకాలు చీరుకుపోయినట్టుంది, అబాయా లోపల తడిగా ఉంది, చెమటో రక్తమో పైకి పోయాక చూసుకోవచ్చు.

పిలవలేదు నేను. ఆ పొద్దు అఫ్షాన్ పక్క గదిలోనే ఉంది, తలుపు కూడా తీసే ఉంది, కెమిస్ట్రీ పుస్తకం మీద బోర్లా పడుకుని కాళ్ళూపుతోంది, ఇట్రా ఒకసారి అంటే వచ్చేది, ఒక్క చూపు చూసి అమ్మీ అది కాదు ఇది అనేది, స్కూల్లో అరబ్బీ చదువుకున్న పిల్ల. అందుకే పిలవలేదు. అంతకు ముందు వారం పాల డబ్బా మీద నేనేదో చదివి ఏదో చెబితే, "అమ్మీ, నీకు చదవడం వచ్చు గానీ తెలియడం రాదు," అని నవ్వింది, మంచి మాటే, నేనే అనుంటే మెచ్చుకునేదాన్ని, నా నోటి దురుసే దానికి వచ్చింది, కానీ పాల డబ్బా ఆ రాత్రి నాకు నిద్ర పట్టనివ్వలేదు. ఇరవై ఏళ్ళుగా ఈ ఇంట్లో నాకు తెలిసినదంటూ ఉన్నది ఆ గడగడా చదవడం ఒక్కటే, దాన్ని కూడా పిల్ల పాల డబ్బాలో కలిపేసింది. పదహారు అడుగుల దూరంలో అర్థం కాళ్ళూపుకుంటూ పడుకుని ఉంటే నేను పౌరుషం పట్టి నిహాయత్ నొక్కాను. ఇంకా లోపలికి పోతే ఇంకోటి కూడా ఉంది, ఎవరూ చూడటం లేదు కాబట్టి చూసుకోవచ్చు, నొక్కిన క్షణంలో నాకు హాయిగా అనిపించింది, ఖురూజ్ అనే మాటే హాయిగా ఉంది, ఎవరికో కాదు నాకే కొట్టుకుంటున్నట్టు, ఆ పరదాలేసిన మూడు గదుల్లోంచి, ఏసీ హోరులోంచి, నిజంగా తెలియకనే నొక్కానా, లేక వేలికి తెలిసీ నాకు చెప్పలేదా. ఛీ. ఊపిరాడక వచ్చే ఆలోచన ఇది, మెదడుకి గాలి తక్కువైతే ఇలాంటివే వస్తాయి. తెలియకే నొక్కాను. మూర్ఖత్వమే, అంతకు మించి గొప్పదేమీ లేదు అందులో.

ఇక్కడి వాళ్ళు ఈ గోతికి ఒక కథ చెబుతారని బస్సులో మైకు పట్టుకున్నాయన చెప్పాడు, ఇక్కడ తమియా అని ఒక ఆడకొండ ఉండేదట, దూరాన ఇంకో కొండ మెరుపులో మెరిసి కనపడితే మనసుపడి లేచి ఎగిరిపోయిందట, అది కూర్చున్న చోటే ఈ గొయ్యి. అందరూ ఓహో అన్నారు. నేను అప్పుడు ఆ ఆడకొండకి ఖురూజ్ ఎవరు కొట్టిచ్చారో అని ఖాలిదా చెవిలో అన్నాను, ఖాలిదా కిసుక్కున నవ్వింది. పొద్దున ఎనిమిదింటికి అన్నాను ఆ మాట. ఎనిమిదింటికి ఈ మెహరున్నిసా ఎంత తెలివైనదో. ఎడమవైపు ఈత చెట్లు వచ్చాయి, అంటే సగం దాటాను, దిగేటప్పుడు ఇక్కడే మా ఆయన పైనుంచి, "జాగ్రత్తే, జారతావు," అని అరిచాడు, నేను వినపడనట్టు చేయి ఊపాను. ఫోను తీశాను, తుడిచాను, ఒక గీత.

ఒక గీత. ముందు మా ఆయనకి కొట్టాను, మోగింది, మోగుతూనే ఉంది, ఎత్తలేదు. మళ్ళీ కొట్టాను, ఎత్తలేదు, నమాజుకి నిలబడ్డాడన్నమాట, నమాజులో ఉంటే ఇల్లు కాలినా ఎత్తడు, ఇరవై ఏళ్ళలో ఆయనలో నాకు నచ్చిన గుణాల్లో అదొకటి. అఫ్షాన్‌కి కొట్టాను, స్విచాఫ్, విమానం ఎక్కకముందే ఫోను ఆపేయించింది సుగ్రా ఆపా, ఛార్జింగ్ మిగులుతుందని. ఇక మిగిలింది సుగ్రా ఆపా. ఇరవై ఏళ్ళలో ఆమెతో నేను నా తప్పు అని అన్నది లేదు, తప్పులు చేయలేదని కాదు, ఆమె వాటిని తారీఖులతో సహా గుర్తుపెట్టుకుంటుంది, ఒకసారి షీర్ ఖుర్మా పాయసంలో ఉప్పు పడితే ఆ సంగతి ప్రతి రంజాన్‌కీ కొత్తగా వడ్డిస్తుంది. కొట్టాను. ఒక్క మోతకే ఎత్తింది.

"ఏమే, కొండ ఎక్కినావా?"

"ఆపా, యాడుండారు మీరు?"

"లైన్లో. ముందర ముగ్గురే ఉండారు. పాపకి ఇస్తానుండు."

"వద్దు. లైన్లోంచి బయటికి రండి. పాప పాస్‌పోర్టు ఇయ్యొద్దండి వాళ్ళకి."

"ఎందుకే? మతి గాని పోయిందా ఏంది ఎండకి?"

"పాపకి పడింది ఫైనల్ ఎగ్జిట్ ఆపా. పోతే మళ్ళా రానియ్యరు."

అవతల విమానాశ్రయం మైకు ఏదో విమానం పేరు చెబుతోంది, ఎవరి బిడ్డో ఏడుస్తోంది. తర్వాత ఆమె గొంతు తగ్గించి అడిగింది, "ఎవరు చేసినారు? మస్తానా?"

నాకు దారి చూపించింది ఆమె. తమ్ముడైతే ఏమీ అనదు, కండ్లు సరిగా కనపడవు పాపం అంటుంది, పని ఒత్తిడి అంటుంది, ఊ అంటే చాలు, ఒక్క ఊ, ఆయన కూడా రేపు నా మీద చెప్పడు, మౌనంగా నెత్తిన వేసుకుంటాడు, నాకు తెలుసు. అరచేతిలో రాయి గుచ్చుకుంటోంది. "నేనే ఆపా," అన్నాను. "అర్థం కాకుండా నొక్కినా. నాది తప్పు. మీ కాళ్ళు పట్టుకుంటా, పాపని" అంటుండగా ఫోను కీచుమని ఆగిపోయింది, గీత లేదు, పైకి ఎత్తి చూశాను, పక్కకి తిప్పి చూశాను, లేదు. ఎంతవరకు విందో తెలియదు. పాపని అన్నంతవరకు విందా, నేనే ఆపా దగ్గరే తెగిందా, పిచ్చిది ఎండకి వాగుతోందని లైన్లోనే నిలబడిందా. ముగ్గురు. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. ఫోటో, వేలిముద్ర, ముద్ర.

తర్వాత ఎక్కింది నేను కాదు, నా ఒళ్ళు. ఆఖరున నిటారుగా ఉంటుంది, అక్కడ చేయి ఇచ్చే వాళ్ళు ఉంటారు, ఎవరో పాకిస్తానీ ఇచ్చాడు, ఆరామ్‌సే బాజీ, నిదానంగా అక్కా అన్నాడు, ఆరామ్ ఏది నాకు. అంచు మీద గాలి మొహానికి కొట్టింది, బిర్యానీ వాసన కొట్టింది. మా మగవాళ్ళు అటు బస్సు నీడలో కూర్చుని ఉన్నారు, వాళ్ళ జమాత్ నమాజు అయిపోయింది, మా ఆయన దేగ్ చూసుకుంటూ ఉండిపోయి ఇప్పుడు ఒక్కడే పొయ్యి పక్కన చాప వేసుకుని నిలిచాడు, నిలిచాడు కాదు, కూర్చుని ఉన్నాడు, ఆఖరి కూర్చోవడమే అయి ఉంటుంది, ప్రయాణంలో నాలుగు రకాతుల నమాజుకి రెండు రకాతులే, అది దేవుడి వెసులుబాటు. ఫోను ఆయన మోకాలి పక్కన చాప మీద ఉంది. నమాజు చేసే మనిషి ముందర నడవకూడదు, పక్కనుంచి పోయాను, మోకాళ్ళ మీద కూలబడి ఫోను తీసుకున్నాను. నా రెండు మిస్డ్ కాల్స్, మోత ఆపి పెట్టి ఉంది. తాళం. ఆయన కుడి చూపుడు వేలితో తప్ప తెరుచుకోదు, కోడ్ అడిగినప్పుడల్లా నీకెందుకే అని చెప్పలేదు ఇన్నాళ్ళూ. ఆయన పెదవులు కదులుతున్నాయి, చూపు కిందికే ఉంది, నేను వచ్చింది తెలిసింది, కనురెప్ప అదిరింది, కానీ ఆపలేదు. ఆ చదివేది నాకు తెలుసు, ఎక్కడున్నాడో పెదవులను బట్టి తెలుసు, ఇంకొక్క మాట తర్వాత అల్లా ఒక్కడే అనే సాక్ష్యం వస్తుంది, సాక్ష్యం దగ్గర కుడి చూపుడు వేలు లేస్తుంది. లేచింది. అల్లా నన్ను క్షమించాలి, ఫోనుని ఆ వేలి కింద పెట్టాను. వేలు దిగాల్సిన చోట దిగింది. తెరుచుకుంది.

యాప్ నొక్కాను, దాని తాళానికి అఫ్షాన్ పుట్టిన తేదీ కొట్టాను, భాష దగ్గరికి పోయి ఇంగ్లీషు పెట్టాను, కుటుంబ సభ్యులు అన్నచోట చక్రం తిరుగుతోంది, తిరుగుతోంది, తిరుగుతోంది. స్కూలు యూనిఫాంలో ఉన్న ఫోటో ముందుగా వచ్చింది, నవ్వకూడదన్నారని బిగబట్టిన మొహం, పేరు, నంబరు, ఆ కింద దేశం లోపల ఉందో బయట ఉందో చెప్పే వరస, అది ఆఖరున వచ్చింది. లోపల. రద్దు అన్నది నొక్కాను. మెసేజ్‌లో రహస్య నంబరు వచ్చింది, కొట్టాను, ఒక అంకె తప్పు కొట్టాను, చెరిపాను, కొట్టాను. పచ్చ టిక్.

మా ఆయన నమాజు ముగిస్తూ కుడి భుజం మీది ఫరిష్తాకి, దేవదూతకి, సలాం చెప్పబోయి ఆ చోట నా మొహం చూశాడు, ఆగలేదు, ఎడమవైపుకి కూడా తిరిగి సలాం చెప్పి, అప్పుడు నా మోకాలి మీది రక్తం, నా చేతిలో తన ఫోను, అన్నీ ఒకేసారి చూశాడు. "ఏమైందే? పాప యాడుంది?" అన్నాడు. నా ఒళ్ళోని నా ఫోను మోగుతోంది, సుగ్రా ఆపా, తిట్టడానికే, బతికున్నంత కాలం తిట్టొచ్చు. నాకు గాలి చాలడం లేదు, రెండే మాటలు వచ్చాయి.

"లోపలే ఉంది."

ఆయన గభాల్న లేచి, పాప మాతో రాలేదన్న సంగతే మరిచి, టోపీ పడిపోతున్నా చూసుకోకుండా, గొయ్యి అంచుకి పరిగెత్తి కిందికి వంగి చూశాడు.